మరచిపోవలసిన పదకొండు సెకన్లు

డఫేదారుగారు కుర్చీమీంచి పడిన వీడియోను ప్రజలందరూ ఈ నెలాఖరు సాయంత్రం అయిదు గంటల్లోగా మరచిపోవాలని విస్మరణ శాఖ బహిరంగ ప్రకటన జారీ చేసింది. అది ఏ వీడియోనో తెలియక ఎవరూ ఇబ్బంది పడకూడదన్న సదుద్దేశంతో, దాన్ని ఎక్కడ చూడవచ్చో ప్రకటన అడుగున పెద్ద అక్షరాలతో అచ్చు వేయించింది.

డఫేదారుగారు పేపరు పట్టుకుని వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమేవ్, చూశావా? మొదటి పేజీలో వేశారు."

"ఫోటో కూడా వేశారా?" అంది భార్య, గిన్నె తోముతూ.

"వేశారు. నేను గాల్లో ఉన్నప్పటిది."

"పోనీలెండి, నయం. కింద పడ్డాకది వెయ్యలేదు. అందులో మీ చొక్కా పైకి పోయింది."

ఆయన సంగతి తెలియనివారు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు గానీ, పద్ధతి ప్రకారం చెప్పుకోవాలి. జడ్జిగారి ముందు నడవడం, వాదిప్రతివాదులను పేరుపెట్టి పిలవడం, హాలులో గోల పెరిగినప్పుడు "నిశ్శబ్దం!" అని అరవడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా ఆ ఒక్క మాటమీదే బతుకుతున్నారు. ఆయన అరిస్తే దగ్గు వస్తున్నవాడు దగ్గును వెనక్కి మింగేవాడు. పెద్ద పెద్ద లాయర్లు వాక్యం మధ్యలో ఆగి, క్రియాపదాన్ని మర్నాటికి వాయిదా వేసుకునేవారు. విడాకులకు వచ్చిన దంపతులు కూడా ఆ కాసేపూ అన్యోన్యంగా కనిపించేవారు.

దాదాపు మూడు నెలల క్రితం బావమరిది కూతురి పుట్టినరోజు వచ్చింది. చిన్న హాలు, పాతికమంది పిల్లలు, చెవులు చిల్లులు పడే గోల. "బావా, నీ కోర్టు గొంతు ఒక్కసారి తియ్యి" అన్నాడు బావమరిది, ఫోను పైకెత్తి. డఫేదారుగారు ప్లాస్టిక్ కుర్చీ ఎక్కారు. ఛాతీ విరిచారు. "నిశ్శబ్దం!" అన్నారు. కుర్చీ ఫెళ్ళుమంది. ఆయన తిన్నగా కేకుమీదకు వెళ్ళారు. ఆ తరవాత మూడు సెకన్లపాటు హాలులో నిజంగానే నిశ్శబ్దం. మొత్తం పదకొండు సెకన్లు. కోర్టు ఉద్యోగులకు సంబంధించిన వ్యవహారాల్లో ఇంత త్వరగా ముగిసినది మరొకటి లేదు.

బావమరిది దాన్ని ఇంటర్నెట్టులో పెట్టాడు. వారం తిరిగేసరికి అది జనం ఫోన్లలో రింగుటోను అయింది. తెల్లవారి నిద్రలేపే అలారం అయింది. గ్రంథాలయంవారు పాఠకులను హెచ్చరించడానికి గోడకు తెర కట్టి దాన్నే ఆడించారు. ఆ రోజు నుంచి గ్రంథాలయానికి వచ్చేవారి సంఖ్య పెరిగింది, పుస్తకాలు తీసేవారి సంఖ్య మాత్రం పెరగలేదు.

తరవాతి సోమవారం కోర్టులో ఆయన "నిశ్శబ్దం!" అనగానే హాలు హాలంతా పగలబడి నవ్వింది. ముద్దాయి నవ్వాడు. ముద్దాయి చెయ్యి పట్టుకున్న పోలీసు నవ్వాడు, నవ్వుతూ చెయ్యి వదిలేశాడు. ముద్దాయి మాత్రం పారిపోకుండా నిలబడి మిగతా నవ్వు పూర్తిచేశాడు. జడ్జిగారు ముఖానికి ఫైలు అడ్డం పెట్టుకున్నారు. ఫైలు చాలాసేపు ఊగింది.

సాయంత్రం జడ్జిగారు ఆయన్ను తన గదికి పిలిపించారు.

"నువ్వు అరవకపోతే గోల. అరిస్తే అంతకు రెట్టింపు గోల. ఏం చెయ్యమంటావు చెప్పు?" అందావిడ. "మూడు నెలలు చూస్తాను. అప్పటికీ హాలు నీ మాట వినకపోతే నిన్ను కింద రికార్డు గదికి పంపక తప్పదు."

"అమ్మా, అక్కడ మనుషులే ఉండరు కదమ్మా."

"అందుకే. నిశ్శబ్దంగా ఉంటుంది."

పాత కట్టల మధ్య కూర్చుని ఆయన ఎవరిని అదిలించాలి? బొద్దింకలనా?

ఆ రాత్రే తాడో పేడో తేల్చుకుందామని భార్యను వెంటబెట్టుకుని బావమరిది ఇంటికి వెళ్ళారు. మొన్నటిదాకా ఫ్యాన్లు బాగుచేసుకునే బావమరిది ఇప్పుడు గుమ్మానికి "సృష్టికర్త" అని బోర్డు తగిలించుకున్నాడు.

"ఆ వీడియో తీసెయ్యరా, నీకు పుణ్యముంటుంది."

"ఎలా తీస్తాను బావా? పడింది నువ్వే, కాదన్నదెవరు? కానీ ఫోను పట్టుకున్నది నేను. చట్టప్రకారం ఆ పడటం నాది."

"నడుంనొప్పి నాది కదరా!"

"అది ముమ్మాటికీ నీదే. దానిమీద నాకు ఏ హక్కూ లేదు" అని బావమరిది ఎంతో ఉదారంగా ఒప్పుకున్నాడు.

"ఒరేయ్, ఆయన మీ అక్క మొగుడురా!" అంది భార్య.

"అక్కా, బంధుత్వం వేరు, మేధోసంపత్తి వేరు. రెండూ కలపకు."

నిజానికి అప్పటికే ఆ సంపత్తికి వారసులు పెరిగిపోయారు. విరిగినది తాము రూపొందించిన కుర్చీయే కాబట్టి విరిగిన తీరుమీద తమకు హక్కుందని కుర్చీల కంపెనీ నోటీసిచ్చింది. అదే కుర్చీ ఎందుకు విరిగిందని అడిగినవారికి మాత్రం, అది తమ కుర్చీయే కాదని జవాబిచ్చింది. కేకుమీది గులాబీపూలు తన కళాఖండమనీ, వాటిమీద ఒక మనిషి అనుమతి లేకుండా పడి కళాఖండాన్ని వికృతం చేశాడనీ బేకరీ యజమాని అభ్యంతరం తెలిపాడు. కృత్రిమ మేధ కంపెనీ ఒకటి ఆ వీడియోను తన యంత్రానికి మేపింది. ఇప్పుడు ఎవరి ఫోటో ఇచ్చినా యంత్రం వారిని అచ్చం డఫేదారుగారిలాగే పడేస్తుంది. ఇదేమిటని ఆయన ఉత్తరం రాస్తే కంపెనీ మర్యాదగా బదులిచ్చింది: "మా యంత్రం మిమ్మల్ని చూసి పడలేదు. పడటమంటే ఏమిటో గ్రహించి, స్వతంత్రంగా పడింది."

ఇన్ని హక్కుల జాబితాలో పడ్డవాడి పేరు ఎక్కడా లేదు. ఆయనకు మిగిలిన హక్కు ఒక్కటే. కొత్తగా వచ్చిన చట్టం ప్రతి పౌరుడికీ మరపున పడే హక్కు ప్రసాదించింది. దాని అమలుకోసం ఏర్పడినదే విస్మరణ శాఖ.

శాఖ కార్యాలయం రెండో అంతస్తులో ఉంది. కిటికీ వెనక గుమాస్తా తల ఎత్తగానే ముఖం వికసించింది.

"మీరు ఆయనే కదూ! కూర్చోండి, కూర్చోండి. ఈ కుర్చీ గట్టిదేలెండి." ఆ వెంటనే గొంతు సవరించుకుని ఉద్యోగధర్మంలోకి వచ్చాడు. "దరఖాస్తుకు వీడియో మూడు ప్రతులు జతచెయ్యాలి. ఒకటి మాకు, ఒకటి పై ఆఫీసుకు, ఒకటి శాశ్వత భాండాగారానికి."

"శాశ్వతంగా దాస్తారా? ఎందుకండీ?"

"రేపు ఎవరైనా వచ్చి, మీరు దేన్ని మరచిపోయారని అడిగితే చూపించొద్దా?"

డఫేదారుగారు తల ఊపారు. కోర్టులో పనిచేసే మనిషి, ఆయనకు ఇలాంటివి సులువుగానే అర్థమవుతాయి.

"ఇంకొకటి. దాన్ని చూసి నవ్వినట్టు పదిమంది సంతకాలు కావాలి. ఎవరూ నవ్వకపోతే మీకు నష్టం లేనట్టే. అప్పుడు మరచిపోవాల్సిన అవసరం మాకేముంది?"

ఆయన రెండు రోజులు వీధి వీధీ తిరిగి, నవ్వినట్టు ధ్రువపత్రాలు సేకరించారు. మంగలి ఒప్పుకుని, రెండు పత్రాలమీద సంతకం పెట్టి, ఒకటి నకలుగా తనే ఉంచుకున్నాడు. కూరగాయలావిడది మెత్తని మనసు. "నేను నవ్వలేదు బాబూ, ఒట్టు" అంది. ఆయన బతిమాలితే ఫోను తెప్పించుకుని మళ్ళీ చూసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, అదే తడివేలితో ముద్ర వేసింది.

దరఖాస్తు మంజూరయింది. ఆ సందర్భంగా ఏర్పాటుచేసిన సభలో విస్మరణాధికారి ప్రసంగించారు. వెనక పెద్ద తెరమీద డఫేదారుగారు పడుతూ లేస్తూ, మళ్ళీ పడుతూ ఉన్నారు.

"ఇది మనం గర్వించదగిన రోజు. ఒకప్పుడు ప్రజలు ఒక పద్ధతి, ఒక పాడు లేకుండా, ఎవరికి తోచినప్పుడు వారు మరచిపోయేవారు. అప్పులు మరచిపోయేవారు, ఉపకారాలు మరచిపోయేవారు, వాగ్దానాలు మరచిపోయేవారు. దేనికీ రికార్డు లేదు! ఇకపై మరపు క్రమపద్ధతిలో, గడువులోగా, అధికారుల పర్యవేక్షణలో జరుగుతుంది. ఈ చారిత్రక కార్యానికి శ్రీకారం చుట్టిన మన డఫేదారుగారిని జాతి ఎన్నటికీ మరచిపోదు."

చప్పట్లు మారుమోగాయి. డఫేదారుగారు లేచి నమస్కారం పెట్టారు. ఆయన లేస్తున్నప్పుడు ముందువరసలో నలుగురు ఆశగా ఫోన్లు ఎత్తారు. ఏమీ జరగకపోయేసరికి దించేశారు.

పేపర్లో ప్రకటన వచ్చింది ఆ మర్నాడే. జడ్జిగారు పెట్టిన గడువు, ప్రజలకు శాఖ పెట్టిన గడువు, రెండూ ఒకే రోజుకు తీరతాయి. ఇంక మిగిలినవి ఇరవై రోజులు.

ప్రకటన వేసి చేతులు దులుపుకునే శాఖ కాదది. ప్రజలు నిజంగా మరచిపోయారో, మరచిపోయినట్టు నటిస్తున్నారో తేల్చడానికి ఇంటింటికీ తనిఖీ బృందాలను పంపింది. ఇద్దరు మనుషులు, చేతిలో పలకంత ఫోను. తలుపు తట్టి, వీడియో చూపించి, "ఇది మీకు గుర్తుందా?" అని అడగాలి. గుర్తుందంటే తప్పు. గుర్తులేదంటే సంతకం పెట్టించుకోవాలి. అక్కడే చిక్కు వచ్చింది.

"గుర్తులేదండీ, ఎప్పుడూ చూడలేదు" అంది ఒక ముసలావిడ.

"ఇప్పుడు చూశారు కదమ్మా."

"ఆ, ఇప్పుడు చూశాను. భలే పడ్డాడు! ఇంకోసారి వెయ్యి నాయనా, మా కోడల్ని పిలుస్తాను."

ఆ విధంగా మొదటి వారంలో మరచిపోనివారి సంఖ్య మూడింతలైంది. రెండో వారంలో కొండప్రాంతాలకు, దీవులకు, ఇంతవరకూ ఇంటర్నెట్టు ఎరగని ఇళ్ళకు కూడా బృందాలు చేరుకున్నాయి. శాఖ దాన్ని తన నివేదికలో "మరపుపట్ల ప్రజల్లో విశేషంగా పెరిగిన అవగాహన"గా పేర్కొంది. బడులలో పిల్లలకు "నేను మరచిపోయిన వీడియో" అన్న అంశంమీద వ్యాసరచన పోటీ పెట్టారు. బహుమతి పొందిన వ్యాసంలో కేకు రంగుతో సహా అన్నీ సరిగ్గా ఉన్నాయి.

నెలాఖరు రోజు వచ్చింది. తనిఖీ నివేదికను శాఖ కోర్టుకు సమర్పించాలి. ఏ కేసు ఏ కోర్టుకు వెళ్ళాలో నిర్ణయించే కంప్యూటరు ఎంతో నిష్పక్షపాతంగా ఆలోచించి, దాన్ని డఫేదారుగారి కోర్టుకే పంపింది.

పొద్దున ఇంట్లో ఆయన నడుం పట్టీ మూడుసార్లు బిగించుకున్నారు. భార్య కళ్ళజోడు నల్లడబ్బాలో పెట్టి ఆయన కోటుజేబులో వేసింది.

"ఇవాళ నవ్వితే నా పని అయిపోయినట్టే" అన్నారాయన.

"అరవకండి. మామూలుగా చెప్పండి."

"మామూలుగా చెబితే నేను మామూలు మనిషిని. అరిస్తేనే డఫేదారుని."

హాలు కిటకిటలాడిపోతోంది. ఫోన్లన్నీ బయట గుమ్మం దగ్గర అప్పగించాలి, అది నియమం. అందరూ అప్పగించారు. రెండేసి ఉన్నవాళ్ళు ఒకటి అప్పగించారు. బావమరిది రెండో వరుసలో మంచి చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

డఫేదారుగారు తన కేసును తానే పిలిచారు. నియమం ప్రకారం మూడుసార్లు పిలిచి, మూడోసారికి తానే "హాజర్" అన్నారు. అక్కడే కిసుక్కున మొదలైంది.

ప్రభుత్వ లాయరు లేచారు. "ఏ వీడియోను ప్రజలు మరచిపోయారో కోర్టువారికి స్పష్టంగా గుర్తుండటం అవసరం కాబట్టి, ఒక్కసారి ప్రదర్శించడానికి అనుమతి కోరుతున్నాను."

అనుమతి దొరికింది. తెరమీద డఫేదారుగారు కుర్చీ ఎక్కారు. తెరకింద డఫేదారుగారు నిలబడ్డారు. "నిశ్శబ్దం!" అంది తెర. ఫెళ్ళు. దబ్బు. హాలు బద్దలైంది. లాయర్లు బల్లలు చరిచారు. స్టెనోగ్రాఫరు నవ్వును ఎలా టైపు చెయ్యాలో తెలియక చుక్కలు కొడుతూ పోయింది. జడ్జిగారు ఫైలు ఎత్తి, దాని అంచు మీదుగా డఫేదారుగారివైపు చూశారు. ఆ చూపు ఆయనకు తెలుసు. ఇదే ఆఖరి అవకాశం.

ఆయన నోరు తెరిచారు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆ మాట రాలేదు. కళ్ళు చెమ్మగిల్లి ఎదురుగా ఉన్న మనుషులు మసకబారారు. కళ్ళజోడు పెట్టుకుందామని జేబులోంచి నల్లడబ్బా తీశారు. దాని మూత ఎటుందో కనబడక, అడ్డంగా పట్టుకుని వెలుతురుకేసి ఎత్తారు.

ముందువరసలో నోరంతా తెరిచి నవ్వుతున్న లాయరు చటుక్కున నోరు మూసుకుని మెడపట్టీ సర్దుకున్నాడు. పక్కవాడు జుట్టు దువ్వుకున్నాడు. ఒకావిడ కొంగుతో ముఖం కప్పుకుంది. డఫేదారుగారికి మొదట ఏమీ అర్థం కాలేదు. డబ్బాను కాస్త కుడివైపుకు తిప్పారు. కుడివైపు నవ్వు ఆగిపోయింది. ఎడమవైపుకు తిప్పారు. ఎడమవైపు ఆగిపోయింది. రెండో వరుసమీద నిలిపారు. బావమరిది ముఖంలో రక్తం ఇంకిపోయింది.

"బావా, తియ్యొద్దు బావా, ప్లీజ్!" అన్నాడు సన్నగా. "నవ్వుతుంటే నేనేం బాగుండను."

ఆ డబ్బా అలా మెల్లగా హాలు ఈ చివరనుంచి ఆ చివరకు తిరిగింది. తిరిగిన చోటల్లా మనుషులు పెద్దమనుషులైపోయారు. చివరికి బెంచీవైపు తిరిగేసరికి జడ్జిగారు కూడా ఫైలు దించి, నిటారుగా కూర్చుని, న్యాయం చేస్తున్నట్టు కనిపించారు. పైన ఫ్యాను తిరుగుతున్న చప్పుడు స్పష్టంగా వినబడింది.

అప్పుడు డఫేదారుగారు ఎవరికీ అవసరం లేకపోయినా, తన తృప్తికోసం, గుండెలనిండా గాలి పీల్చుకుని ఆ మాట అన్నారు.

"నిశ్శబ్దం!"

ఒక్కరూ నవ్వలేదు.

ఆయన ఉద్యోగం నిలబడింది. వీడియోను ప్రజలు సంతృప్తికరంగా మరచిపోయినట్టు కోర్టు ప్రకటించింది. ఆ తీర్పులో పడిన తీరును సెకన్లవారీగా వివరించడంవల్ల, ఇకపై న్యాయశాస్త్ర విద్యార్థులంతా దాన్ని పరీక్షకు బట్టీ పట్టవలసి ఉంటుంది. నల్లడబ్బా ఇప్పటికీ ఆయన కోటుజేబులో ఉంది. అందులో ఏముందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

విస్మరణ శాఖ బృందాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మీ ఇంటికీ వస్తాయి. డఫేదారుగారు ఎవరో తెలియదనే చెప్పండి. అయితే ఇందాక కేకు దగ్గర మీరు నవ్వినప్పుడు పక్కన ఎవరైనా ఫోను పైకెత్తి ఉన్నారేమో, ముందు ఒకసారి చూసుకోండి.