చిలకకు కొలతలు

ఆ రోజు దర్జీకి ఉన్న పనల్లా ఒక్కటే, వదిన ఊరినుంచి వచ్చేలోగా ఆమె చిలక రెక్కలు కత్తిరించడం. ఈకలు పెరిగి అది తిరిగే ఫ్యాను దాకా ఎగురుతోంది. "చివర్లు తీయించి ఉంచు అబ్బాయ్. నేనొచ్చేసరికి చిలక కనబడకపోతే నువ్వూ నాకు కనబడకు" అని చెప్పి వెళ్ళింది వదిన. కనబడకుండా పోవడం అతనికి కుదిరే పని కాదు. కుట్టు మిషనూ, మంచమూ, పొయ్యీ అన్నీ ఉన్నది వదిన ఇంటి ముందు గదుల్లోనే.

పక్షుల డాక్టరుకు చూపిద్దామంది భార్య. దర్జీకి రోషం వచ్చింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ కత్తెర పట్టినవాడికి నాలుగు ఈకలు తీయడానికి డాక్టరెందుకన్నాడు. మెడలోని టేపు తీసి రెండు రెక్కలూ కొలిచాడు, సుద్దతో గీత పెట్టాడు. ఎక్కువ తెగితే చిలకకు అతుకు వెయ్యలేం కనుక, కొద్దికొద్దిగా కత్తిరిస్తూ ప్రతిసారీ ట్రయల్ చూశాడు. మొదటి ట్రయల్‌కి చిలక బీరువా ఎక్కింది. రెండోసారి మంచం దాకా వెళ్ళింది. ఆ తర్వాత అతని చెప్పుల మీద చతికిలబడి, మొహంలోకి చూసి, వేలు కొరికింది. ఫిట్టింగు కుదిరిందన్నాడు దర్జీ.

ఎగరలేనిదానికి తలుపెందుకని పంజరం తెరిచే ఉంచి టీ తాగడానికి వెళ్ళాడు. వచ్చేసరికి పంజరం ఖాళీ.

"ఎగిరిపోయినట్టుందండీ" అంది భార్య.

"ఎలా ఎగురుతుందే? నేను కత్తిరించానుగా."

"మీరు కత్తిరించారనే అంటున్నా. మా తమ్ముడి ప్యాంటు గుర్తులేదూ?"

ఆ ప్యాంటు గుర్తొచ్చేసరికి దర్జీకి తన కత్తెర మీద నమ్మకం పోయింది. ఇద్దరూ వీధిలోకి పరుగెత్తి ఆకాశం వంక చూశారు. వాళ్ళను చూసి ఇస్త్రీ అతను చూశాడు, అతన్ని చూసి పాలవాడు చూశాడు. కాసేపటికి వీధి వీధంతా మెడలు పైకెత్తింది. ఏం చూస్తున్నారో తెలియనివాళ్ళు ఇంకా శ్రద్ధగా చూశారు. కిందికి చూసినవాడు ఒక్కడూ లేడు.

ఆకు రాలిన ఎదురింటి చెట్టు పైకొమ్మలో చిలకపచ్చగా ఏదో కదులుతోందని ఇస్త్రీ అతను చూపించాడు. ఎదురింటి టీచరమ్మ నిచ్చెన తెచ్చి తనే పట్టుకుంది. ఆమె చిలకపచ్చ పట్టు జాకెట్టుకు గుడ్డ చాలలేదని దర్జీ చేతుల్లేకుండా కుట్టిచ్చి ఎన్నాళ్ళో కాలేదు. అయినా ఆపదలో పాత పగలెందుకనుకుంది ఆ తల్లి.

దర్జీ నిచ్చెన దాటి కొమ్మ మీదికి పాకి చెయ్యి చాచాడు. అది కాకి గూడు. అందులో పక్క పరిచినట్టు ఒక పట్టుగుడ్డ. ఎత్తి చూస్తే దాని మీద తన సుద్ద గీతే. కిటికీ పక్కన పెట్టిన జాకెట్టు చెయ్యి ఏమైందో ఇప్పటికి తెలిసింది. గబుక్కున జేబులో కుక్కుకోబోయాడు. కాకి ఒప్పుకోలేదు, నెత్తిన ఒక్కటి పొడిచింది. గుడ్డ జారి, తేలుకుంటూ వెళ్ళి టీచరమ్మ భుజాన వాలింది.

టీచరమ్మ దాన్ని చేతికి చుట్టుకుని చూసుకుంది. సరిపోయింది.

"గుడ్డ చాలలేదన్నారు కదూ" అంది నెమ్మదిగా. అంతే, నిచ్చెన ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది.

అప్పుడే వీధి మలుపులో వదిన కనిపించింది. ముందు బండికే వచ్చేసిందట. చేతిలో సంచి, భుజం మీద చిలక. జనమంతా పైకి చూస్తున్నంతసేపూ అది వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి తీరిగ్గా నడుచుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళి, ఆమె ఎదురుపడితే సంచి పట్టుకుని పైకి పాకిందట.

చెట్టు కింద ఆగి వదిన చిలక రెక్కలు ఒక్కొక్కటీ విప్పి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు. తర్వాత తలెత్తి, కొమ్మను కావిలించుకున్న మరిదిని చూసింది.

"దీనికి బాగానే కత్తిరించావబ్బాయ్. నీవి మర్చిపోయినట్టున్నావు."