మంత్రిగారి సైజుకు బస్టాపు

ఇకమీదట ఈ ప్రభుత్వంలో ఏ ప్రయాణికుడి నడినెత్తీ ఎండకు మాడబోదని రవాణా శాఖ మంత్రిగారు ప్రకటించారు. ప్రకటన ఏసీ హాల్లో జరిగింది కాబట్టి అక్కడున్నవాళ్లందరూ వెంటనే నమ్మారు. ఒకరిద్దరికి చలి కూడా వేసింది. ప్రతి బస్టాపుకూ నీడ కల్పిస్తామనీ, అది మామూలు నీడ కాదనీ, ప్రపంచస్థాయి నీడ అనీ మంత్రిగారు వివరించారు. ఆ రెండు నీడలకూ తేడా ఏమిటని అడిగే రకం మనుషుల్ని హాల్లోకి రానివ్వలేదు.

మోడల్ కోసం డిజైన్ కాలేజీ చివరి ఏడాది విద్యార్థులకు పోటీ పెట్టారు. ఒక అమ్మాయి గెలిచింది. మిగతావాళ్ల మోడళ్లేవీ మంత్రిగారి గది తలుపులో పట్టలేదు, ఈమెది చెప్పుల పెట్టెంత ఉంది. నిర్ణయం పూర్తి పారదర్శకంగా జరిగిందని కమిటీ సంతకాలు పెట్టింది.

అమ్మాయికి ఈ పోటీ మీద పంతం ఉంది. వాళ్లమ్మ బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాజాలు కుడుతుంది. ఆవిడ రోజూ బస్సెక్కే స్టాపులో ఒక ఇనుప స్తంభం తప్ప ఏమీ లేదు. జనమంతా ఆ స్తంభం నీడలో ఒకరి వెనక ఒకరు నిలబడతారు. అది చూసి ఇక్కడి ప్రజలకు క్యూ క్రమశిక్షణ ఎక్కువని అధికారులు మెచ్చుకున్నారు. మొన్న ఎండాకాలంలో వాళ్లమ్మ ఆ క్యూలోనే కళ్లు తిరిగి పడిపోయింది. అప్పట్నుంచి అమ్మాయికి ఇంకో డిజైన్ మీద మనసు పోలేదు.

అట్టతో బస్టాపు చేసింది. టేబుల్ లైటునే సూర్యుడనుకుని, దాన్ని అటూ ఇటూ జరుపుతూ, బెంచీ మీద నుంచి నీడ జారిపోకుండా కప్పు వాలు సరిచేసింది. బస్సు నంబర్ల బోర్డుకు అరచేతంత అంకెలు అనుకుంది, ఎందుకంటే వాళ్లమ్మ కళ్లజోడు ఎప్పుడూ ఇంట్లోనే మర్చిపోతుంది. మనిషి పక్కన లేకపోతే కట్టడం ఎంతుంటుందో చూసేవాళ్లకు తెలియదు కాబట్టి, బెంచీ మీద వేలెడంత బొమ్మల్ని కూర్చోబెట్టింది. అందులో ఊదారంగు చీర బొమ్మ వాళ్లమ్మే. చీర ముక్క కూడా ఆవిడ పాత చీరలోదే.

మంత్రిగారు చేతులు వెనక్కి కట్టుకుని మోడల్ చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

“బాగుంది. ఇందులో నేనెక్కడ?”

“మీరు లేరు సార్. బస్సు కోసం చూసేవాళ్లే ఉన్నారు.”

పీఏ దగ్గాడు. ఆయన దగ్గు ముగ్గురు మంత్రుల దగ్గర పనిచేసిన దగ్గు. అమ్మాయి గబగబా సంచిలోంచి ఇంకో బొమ్మ తీసి, దానికి తెల్లచొక్కా వేసి నిలబెట్టింది.

“ఇదేంటి, నేనూ వీళ్లంతే ఉన్నాను?”

“మనుషులందరూ ఒకే స్కేల్లో ఉండాలి సార్.”

“మనుషులంటే ప్రజలమ్మా,” అన్నాడు పీఏ ఓపిగ్గా. “సార్ మంత్రి.”

మర్నాటికి మంత్రిగారి బొమ్మ రెండింతలైంది. తల కప్పులోంచి బయటికి పొడుచుకొచ్చింది. శాఖ ఇంజనీరుగారు వంగి, కళ్లజోడు సవరించుకుని, పరిశీలించి, “కప్పుదే తప్పు సార్,” అని తేల్చారు. కప్పు లేపారు. కప్పుకు తగ్గట్టు స్తంభాలు, స్తంభాలకు తగ్గట్టు బెంచీ, అన్నీ రెండింతలు చేయక తప్పలేదు. అప్పుడు బెంచీ మీద జనం గింజల్లా మిగిలిపోయారు.

“ప్రతిపక్షం వాళ్లు దీన్ని ఫొటో తీస్తే నా గతేంటి?” అన్నారు మంత్రిగారు కలవరంగా. “ప్రజల్ని పురుగుల్లా చూస్తున్నాడంటారు. వీళ్లని కూడా నా స్థాయికి తీసుకురండి.”

ప్రజల్ని తన స్థాయికి తెచ్చిన తొలి నాయకుడని మర్నాడు పేపర్లో వచ్చింది. అమ్మాయి బొమ్మలన్నిటినీ రెండింతలు చేసి, ట్రంకు పెట్టెంత మోడల్‌ను మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. మంత్రిగారు చూశారు. ముఖం ముడుచుకున్నారు.

“మళ్లీ వీళ్లంతే అయిపోయాను కదయ్యా!”

ఆ వారం ఇంకో విడత జరిగింది. మంత్రిగారు పెరిగారు, కప్పు లేచింది, ప్రజలు ఎదిగారు, మంత్రిగారు అలిగారు. ఇంత వేగంగా ప్రజలు ఎదిగిన శాఖ ప్రభుత్వంలో మరొకటి లేదు. నంబర్ల బోర్డు మీద కూడా ఇదే ప్రగతి కనిపించింది. పీఏ మాట మీద మూలన స్టాంపంత అతికించిన మంత్రిగారి ఫొటో పెరిగి పెరిగి బస్సు నంబర్లను ఒక్కొక్కటే కిందికి తోసేసింది. అమ్మాయి అడ్డం పడబోతే, “బస్సు నంబరు బస్సు మీద ఉంటుంది కదమ్మా. సార్ ఫొటో బస్సు మీద ఉండదుగా?” అన్నాడు పీఏ. ఆ తర్కానికి డిజైన్ కాలేజీలో జవాబు నేర్పలేదు.

అమ్మాయి ఇంటికొచ్చి బ్యాగు ఒక మూలకు విసిరికొట్టింది. కోపంతో ఏడుపు తన్నుకొస్తోంది. వాళ్లమ్మ వంటింట్లో గిన్నెలు తుడుస్తూ అంతా విన్నది.

“ఎంతయింది ఇప్పటికి?”

“మంచమంత. దాన్ని పక్కకి జరపడానికి కూడా నలుగురు కావాలి. ఇంక నావల్ల కాదమ్మా, వాళ్లకి నీడా అక్కర్లేదు, బెంచీ అక్కర్లేదు...”

“ఆగవే. మంచమంత అయిందా?” వాళ్లమ్మ గిన్నె పక్కన పెట్టింది. “మరి ఏడుస్తావేంటే పిచ్చిమొహమా? ఇంకో రెండుసార్లు అలిగాడంటే బస్టాపంత అయిపోదూ?”

అమ్మాయి వేళ్ల మీద లెక్కేసింది. తర్వాత తల్లీకూతుళ్లిద్దరూ పొట్ట పట్టుకుని ఎంత నవ్వారంటే, పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగింది.

ఆ మర్నాటి నుంచి మంత్రిగారి సైజు గురించి మంత్రిగారి కంటే అమ్మాయికే దిగులు ఎక్కువైంది. మోడల్‌కు దూరంగా నిలబడి, ఒక కన్ను మూసి, “సార్, ఏమీ అనుకోకండి. మీరు కొంచెం చిన్నగా కనబడుతున్నారు,” అనేది.

“నేనూ అదే అనుకుంటున్నాను,” అనేవారు మంత్రిగారు కృతజ్ఞతగా. ఇంత నిజాయితీగల యువతను తాను చూడలేదని పీఏతో అన్నారు కూడా.

అట్ట ఆగదని అమ్మాయి ప్లైవుడ్ అడిగింది. ప్లైవుడ్ వంగుతుందని ఇనుప పైపులు అడిగింది. ఇంజనీరుగారు దీర్ఘంగా ఆలోచించారు. “కట్టడమైతే టెండరు కావాలి, శంకుస్థాపన కావాలి, కనీసం ఒక కోర్టు కేసు కావాలి. ఇది మోడలే కాబట్టి స్టేషనరీ కింద రాసేద్దాం.” ఆ విధంగా పెన్సిళ్లూ రబ్బర్లతో పాటు ఇనుప పైపులూ, రేకులూ, వెల్డింగ్ మిషనూ శాఖలోకి వచ్చాయి. బొమ్మల్ని బట్టల షాపుల నుంచి తెప్పించారు. ఊదారంగు చీర ముక్క చాలక వాళ్లమ్మ మిగిలిన చీరంతా ఇచ్చేసింది.

చివరి విడత పూర్తయ్యేసరికి మోడల్ ఆఫీసు గేట్లో పట్టలేదు. ఎక్కడ పెట్టాలో ఎవరికీ తోచలేదు. అమ్మాయే అమాయకంగా ఒక సలహా ఇచ్చింది. లారీ, క్రేను వచ్చాయి. మోడల్ వెళ్లి సరిగ్గా ఆ ఇనుప స్తంభం పక్కన దిగింది.

మంత్రిగారు వచ్చి తన బొమ్మ పక్కన నిలబడ్డారు. భుజానికి భుజం సరిపోయింది. ఆయన ముఖం పాలిపోయింది. “నేను ఇంతేనా?” అన్నారు చాలా నెమ్మదిగా. ఇంకో విడత మొదలైతే బెంచీ మనుషుల నడుము దాకా వస్తుందని అమ్మాయి గబుక్కున ముందుకొచ్చింది.

“సార్! మిమ్మల్ని కప్పు మీద నిలబెడదాం. అప్పుడు ప్రజలందరూ మీ కిందే ఉంటారు.”

మంత్రిగారు కప్పు వైపు చూశారు. కళ్లు మెరిశాయి. ప్రజల కోసం తానే ఎండలో నిలబడే నాయకుడని పీఏ అక్కడికక్కడే ఒక నినాదం తయారుచేశాడు. బొమ్మ పైకెక్కింది, పెరగడం ఆగింది. అమ్మాయికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. రోడ్డు మీద కాబట్టి లోపల్లోపలే వేసింది.

మర్నాడు మోడల్ చుట్టూ తాడు కట్టారు. ఒక బోర్డు తగిలించారు: ఇది మోడల్ మాత్రమే. అసలు బస్టాపు త్వరలో. మోడల్‌ను తాకినవారు శిక్షార్హులు. కాపలాకు ఒక కానిస్టేబుల్‌ను వేశారు. లోపల ప్రపంచస్థాయి నీడలో బొమ్మలు హాయిగా కూర్చున్నాయి. తాడుకు ఇవతల జనం మళ్లీ స్తంభం నీడలో క్యూ కట్టారు. ఊదారంగు చీరలో చల్లగా కూర్చున్న తనను ఎండలో నిలబడి చూసుకుంటూ వాళ్లమ్మ రెండ్రోజులు ఓర్చుకుంది. మూడోనాడు తాడు దాటి, బొమ్మను లేపి, చీర లాక్కుని తన చీర మీదే చుట్టుకుని, దాని చోట్లో కూర్చుంది. మిగతావాళ్లూ అదే పని చేశారు. బొమ్మలన్నీ వెనకాల టార్పాలిన్ కిందికి చేరాయి.

కానిస్టేబుల్ కాసేపు తల గోక్కున్నాడు. ఆయనా మనిషే, పైగా ఆయన కూడా కప్పు కిందికే వచ్చి నిలబడ్డాడు. “కదలకుండా కూర్చోండమ్మా. కదిలితే ప్రజలు, కదలకపోతే మోడల్,” అన్నాడు. బస్సు వచ్చేదాకా మోడల్‌గా ఉండి, రాగానే ప్రజలై ఎక్కేసేవారు. వాళ్లమ్మ ఇంటికొచ్చి కదలకుండా కూర్చోవడం ఎలాగో నటించి చూపిస్తుంటే అమ్మాయి నవ్వలేక చచ్చేది.

ఒక ఉదయం మంత్రిగారు విలేకరులను వెంటేసుకుని చెప్పాపెట్టకుండా దిగారు. అమ్మాయిని కూడా కారులో ఎక్కించుకొచ్చారు. బెంచీ మీద అందరూ బిగుసుకుపోయారు. వాళ్లమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని, ఎదర ఎక్కడో చూస్తూ కూర్చుంది.

“ఎంత సహజంగా ఉన్నారో చూడండి,” అన్నారు మంత్రిగారు విలేకరులతో.

అప్పుడే బస్సు వచ్చింది. వాళ్లమ్మ పనికెళ్లే బస్సే. డ్రైవరు వేగం తగ్గించి స్తంభం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. చెయ్యెత్తినవాళ్లూ లేరు. మంత్రిగారి కార్లు చూసి గాభరాపడి ముందుకు పోనిచ్చాడు.

మంత్రిగారు అటూ ఇటూ కలయజూశారు. “ఏమయ్యా, బస్సొచ్చినా ఒక్క ప్రయాణికుడూ లేడేంటి?”

“ఈ ఏరియాలో నీడకు గిరాకీ లేదు సార్,” అన్నారు ఇంజనీరుగారు.

“మరి జనమే లేనిచోట అసలుది కట్టడం దేనికి? ప్రజాధనం వృథా. దీన్ని తీసుకెళ్లి మన ఆఫీసు ముందు పెట్టండి.”

అమ్మాయి మంత్రిగారికి అడ్డం వచ్చింది. “సార్! జనం ఉన్నారు సార్! వీళ్లే ప్రయాణికులు. ఇదిగో మా అమ్మ! అమ్మా, లేమ్మా! చెప్పు!”

మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. “విన్నారా? తను చేసిన బొమ్మనే అమ్మా అని పిలుస్తోంది. కళంటే అదీ!” విలేకరులు చప్పట్లు కొట్టారు.

వాళ్లమ్మ కణత మీంచి చెమట చుక్క ఒకటి జారింది. “కదలకండమ్మా,” అని గొణిగాడు కానిస్టేబుల్ పెదవులు కదపకుండా. ఇప్పుడు లేస్తే కేసు. కూర్చుంటే లారీ. లారీ వెళ్లే దారిలోనే ఫ్యాక్టరీ ఉంది. ఆ సంగతి వాళ్లమ్మకు తట్టడం అమ్మాయికి ఆవిడ కళ్లలో కనిపించింది.

క్రేను మోడల్‌ను బెంచీతో, మనుషులతో సహా మెల్లగా లేపి లారీలో దించింది. ఎవరూ కిక్కురుమనలేదు. కప్పు మీద మంత్రిగారి బొమ్మ అటూ ఇటూ ఊగుతుంటే, నీడలో కూర్చున్న జనంతో లారీ కదిలింది. స్తంభం పక్కన ఎండలో అమ్మాయి, టార్పాలిన్ కింద కొన్ని బట్టల షాపు బొమ్మలు మిగిలారు.

మంత్రిగారు లారీ వైపు తదేకంగా చూస్తూ నిట్టూర్చారు. “ఏదీ అడగరు. అరవరు. ఎక్కడ పెడితే అక్కడ కూర్చుంటారు. వీళ్లకి ఓటు ఉంటే ఎంత బాగుండేదయ్యా!”

లారీ మలుపు తిరుగుతుండగా ఊదారంగు చీర బొమ్మ తల తిప్పి మంత్రిగారి వైపు చూసింది.