తొట్టిలో మందారానికి అందిన ఆదరణ

వేలూరు తొరపాడిలో నివసించు చెంగల్రాయలు గారి ఇంట, తొట్టిలోని మందారం మొక్కకు ఒంట్లో బాగాలేదని బంధుమిత్రులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఆకులు పసుపు తిరిగాయి. మొగ్గలు విచ్చకుండానే రాలిపోతున్నాయి. ఆదరణలో లోపం మాత్రం ఎక్కడా లేదు.

అది మామూలు మొక్క కాదు. గుడియాత్తంలోని వియ్యంకుడు సుబ్బరాయులు గారి పెరటి మందారం నుంచి తెచ్చిన కొమ్మ. ఆడపిల్ల కాపురానికి వెళ్లేటప్పుడు పుట్టింటి పూలకొమ్మను వెంట పంపడం వాళ్ల వంశాచారం. మొక్క ఎలా ఉంటే పిల్లా అలాగే ఉన్నట్టని చుట్టాల లెక్క. కనుక కోడలు నళిని గడపలో అడుగుపెట్టిన నాటి నుంచీ చెంగల్రాయలు గారి పరువు మొత్తం ఆ తొట్టిలోనే ఉంది.

పాలారు ఏట్లో ఇసుకను తప్ప మరేమీ చూడని ఊళ్లో పరువు నిలబెట్టే మార్గం ఒకటే, నీళ్లు. లారీ నీళ్లకు బిందెలు వరస పెట్టే ఆ వీధిలో, తెల్లవారగానే ఆయన అందరూ చూస్తుండగా మొక్కకు బిందెడు పోసేవారు. భార్య భారతమ్మ పూజ ముగించి చెంబుడు పోసేది. కొడుకు సుజిత్ ఆఫీసు నుంచి వచ్చి, నాన్న పోశాడో లేదోనని తనూ పోసేవాడు. చూడవచ్చిన చుట్టాలు మర్యాదకు ఒక చెంబు పోశాకే కూర్చునేవారు. తొట్టి అడుగు రంధ్రంలోంచి నీళ్లు కారి వృథా అవుతున్నాయని కనిపెట్టి, చెంగల్రాయలు గారు స్వహస్తాలతో దాన్ని సిమెంటు పెట్టి పూడ్చారు. ఆ తెలివిని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు.

ఆకులు పసుపెక్కిన కొద్దీ చెంబులు పెరిగాయి.

"మామా, నీళ్లు ఎక్కువయినాయేమో," అంది నళిని ఒకసారి.

"వేలూర్లో నీళ్లు ఎక్కువై చచ్చినోళ్లు యాడన్నా ఉండారామ్మా?" అన్నారాయన. కోడలి గొంతు నీరసంగా ఉందని భారతమ్మ ఇంకో గ్లాసు పాలు తెచ్చింది. అంతకుముందు ఇచ్చిన గ్లాసు నళిని చేతిలోనే ఉంది.

ఇంతలో ఆదివారం వస్తున్నానని సుబ్బరాయులు గారు ఫోను చేశారు. చెంగల్రాయలు గారికి అన్నం సహించలేదు. అదే రంగు మందారం కొని తెచ్చి తొట్టిలో పెట్టేద్దామా అని కూడా ఆలోచించారు. నిజాయితీపరులు గనుకా, ఆ రంగు దొరకలేదు గనుకా మానుకున్నారు.

వియ్యంకుడు వచ్చీరాగానే తొట్టి దగ్గర చతికిలబడ్డారు. కొమ్మను గోటితో గీరారు. లోపల పచ్చగా ఉంది. మొక్కను పైకి తీసి వేర్లను వాసన చూశారు. చాలా వేర్లు నల్లబడి, మెత్తగా చేతికే ఊడివచ్చాయి. కొన్ని మాత్రం తెల్లగా, గట్టిగా ఉన్నాయి.

"ఉసురు ఉండాది బావా," అన్నారు. "కుళ్లిన వేర్లు కోసేసి, తొట్టికి బొక్క పెట్టి, ఆరిన మన్నులో నాటి నీడన పెట్టండి. మన్ను ఎండినప్పుడు ఇన్ని నీళ్లు, అంతే. మళ్ల అప్పిడియే విట్టుడుంగ, అట్లే వదిలేయండి. దాని జోలికి ఎవురూ పోవద్దండి."

"అయితే మేమేం చేయాల?"

"ఏమీ చేయొద్దండి బావా."

చెంగల్రాయలు గారికి ఇది అవమానంగా తోచింది. ఇంటికి వచ్చినదాన్ని గాలికి వదిలేయడం వారి వంశంలో లేదు. అయినా పరువు కోసం ఒప్పుకున్నారు. మొక్కకు ఎవరూ ఏమీ చేయకుండా చూసే బాధ్యతను ఇంట్లో అందరికీ వంతులు వేశారు. తొట్టి పక్కన ఒక కుర్చీ కూడా వేయించారు.

కొన్నాళ్లకు చిగురు వచ్చింది. చెంగల్రాయలు గారు వీధివాళ్లను, వియ్యంకుణ్ణి పిలిచి, పాయసం పంచి, ప్రసంగించారు. "మా ఇంట్లో కోడలు వేరు, మొక్క వేరు కాదు. దాన్ని ఎట్ల చూసుకున్నామో, ఈ అమ్మినీ అట్లే చూసుకుంటా ఉండాము."

చప్పట్లు ఆగాక నళిని తన చేతిలోని మూడో గిన్నె పాయసాన్ని కింద పెట్టింది. "అయితే మామా, మా నాయన దానికి చెప్పిన మందే కొన్నాళ్లు నాకూ ఇప్పించండి," అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

చెంగల్రాయలు గారి మనసు కరిగిపోయింది. అక్కడికక్కడే ఒప్పుకున్నారు. మర్నాటి నుంచి ఆమె జోలికి ఎవరూ పోకుండా చూడడానికి ఇంటిల్లిపాదీ వంతుల వారీగా ఆమె గది గుమ్మం ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. మధ్య మధ్య తలుపు తట్టి, ఎవరూ ఇబ్బంది పెట్టడం లేదు కదా అని విచారిస్తున్నారు.

మన ఇళ్లలో ఇలాంటివి జరగవు. అనుమానం ఉంటే మీ కోడల్ని పిలిచి, అందరూ చుట్టూ కూర్చుని అడిగి చూడండి.