రెండు ప్లేట్ల ఉపవాసం

పెళ్ళికి ముందే కాపురం చేసిన అనుభవం నాకుందంటే మా ఆవిడ ఒప్పుకోదు. మీరైనా వినండి. ఇరవై ఏళ్ళప్పుడు పరాయి దేశంలో, ఒక మగవాడితో చేశాను. సంబంధం మా చర్చి కుదిర్చింది.

మాది మోర్మన్ చర్చి. మాలో కుర్రవాళ్ళు రెండేళ్ళపాటు, ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్ళి మత ప్రచారం చేస్తారు. ఇద్దరిద్దరిని జత కడతారు. మన ఇష్టాలు అడగరు. విడాకులూ మన చేతిలో ఉండవు. ఒకసారి జత కట్టాక, స్నానాల గదిలో తప్ప ఒకరి కంటికి ఒకరు మరుగు కాకూడదు. పెళ్ళయినవాళ్ళకైనా చెరో ఆఫీసు ఉంటుంది. మాకు అదీ లేదు.

మీసం సరిగా మొలవని మమ్మల్ని అందరూ 'ఎల్డర్' అనాలి. పెద్దలు అని అర్థం. ఆ పెద్దలిద్దరూ రోజూ పొద్దున్న గుడ్డు ఉడికిందా లేదా అని పొట్లాడుకునేవారు.

నా జతగాడికి నేను పెట్టిన పేరు కొలబద్ద. నియమాల పుస్తకంలో ఆరున్నరకి లేవాలని ఉంటే ఆరున్నరకి లేస్తాడు. లేచి నన్ను లేపుతాడు. ఆ రెండోది పుస్తకంలో లేదని నా వాదన.

"చొక్కా ఇస్త్రీ చేసుకో," అనేవాడు.

"పైన కోటు వేసుకుంటాగా."

"కోటు విప్పాల్సి వస్తే?"

"విప్పను."

"ఎండాకాలం వస్తే?"

"అప్పటికి నిన్ను బదిలీ చేస్తారు."

వాడు నవ్వేవాడు కాదు. నవ్వకూడదని పుస్తకంలో లేదు. ముందుజాగ్రత్త.

ఆ ఊళ్ళో మేం తట్టని తలుపు లేదు, తెరుచుకున్న తలుపూ లేదు. మాకోసం తెరుచుకున్న మొదటి తలుపు టైలరమ్మది. అదీ దేవుడి వల్ల కాదు. కొలబద్ద ప్యాంటు సైకిల్ గొలుసులో పడి మోకాలి దాకా చిరిగింది. ఎదురుగా కుట్టుపని దుకాణం కనబడింది. లోపల అరవై దాటిన ఆవిడ మిషను తొక్కుతోంది. కొలబద్దని తెర వెనక నిలబెట్టి ప్యాంటు తీసుకుంది. కుడుతూనే నన్ను అడిగింది.

"ఇంత దూరం మీ అమ్మలు ఎలా పంపారు బాబూ?"

"దేవుడి పని కదమ్మా."

"దేవుడికి పిల్లల్లేరు కాబోలు. రేపు ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రండి. ఒక్క షరతు. మీ మతం సంగతి గుమ్మం బయట వదిలి రావాలి. నా బల్ల దగ్గర ఎత్తారో, గరిటెతో కొడతాను."

"తప్పకుండా వస్తామమ్మా," అన్నాను. తెర వెనక నుంచి కొలబద్ద దగ్గాడు. ప్యాంటు లేనివాడికి సలహా ఇచ్చే హక్కు లేదని నేను పట్టించుకోలేదు.

శనివారం సాయంత్రం కొలబద్ద వాళ్ళ నాన్న ఫోన్ చేశాడు. వాళ్ళమ్మకి గుండెలో ఏదో మూసుకుపోయిందట. ఆపరేషన్ ఆగే పని కాదు, రేపే చేస్తారట. చర్చిలో పైవాళ్ళు ఫోన్ దగ్గర ఉంచుకోమని అనుమతిచ్చారు. కొలబద్ద మంచం అంచున కూర్చుని బూట్లు పాలిష్ చేశాడు. చేసిన బూట్లనే మళ్ళీ చేశాడు.

"రేపు నెలలో మొదటి ఆదివారం. మన చర్చిలో ఎలాగూ ఉపవాసం. అమ్మకోసం ఉంటాను. అయిపోయిందని నాన్న చెప్పేదాకా మంచినీళ్ళు కూడా ముట్టను," అన్నాడు.

"నేనూ ఉంటాను," అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. "రేపు టైలరమ్మ ఇంట్లో భోజనం."

"దుకాణంలో దగ్గింది అందుకే. మొదటి ఆదివారం అని నీకు తెలియదా?"

"తెలుసు. భోజనం అనగానే తెలిసినవన్నీ మరిచిపోతాను."

"వెళ్ళి రాలేమని చెబుదాం."

చెప్పడానికే వెళ్ళాం. ఆవిడ గుమ్మంలోనే ఎదురొచ్చి మా కోట్లు లాక్కుంది. బల్ల మీద కొత్త గుడ్డ పరిచి ఉంది. నలుగురికి ప్లేట్లు పెట్టి ఉన్నాయి. ఇల్లంతా మాంసం ఉడుకుతున్న వాసన. "తెల్లారకముందు లేచింది," అన్నాడు ఆవిడ భర్త. బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. "నాకోసం ఎప్పుడూ లేవలేదు."

"నువ్వు ఎక్కడికీ పోవుగా," అంటూ ఆవిడ వంటింట్లోకి వెళ్ళింది.

ఉపవాసం అని చెబితే మతం ఎత్తినట్టు. చెప్పకపోతే తినాలి. తింటే కొలబద్ద మాట తప్పినట్టు. వాడు చొక్కా జేబులో ఫోన్ తడుముకుంటున్నాడు. ఆ ముహూర్తాన నా బుర్రకి ఒక ఉపాయం తట్టింది.

"నీ ప్లేటు కూడా నేను తింటాను," అన్నాను వాడి చెవిలో.

"అది మోసం."

"నువ్వు ఏమీ చెయ్యక్కర్లేదు. నోరు తెరవకు. మాట్లాడ్డానికీ, తినడానికీ."

"మరి నీ ఉపవాసం?"

"మీ అమ్మకోసం త్యాగం చేస్తున్నాను," అన్నాను. మాంసం వాసన నా త్యాగబుద్ధిని పెంచిందని ఒప్పుకోవాలి.

సూప్ వచ్చింది. ఆవిడ బ్రెడ్ కోసం లోపలికెళ్ళగానే నా గిన్నె తాగేశాను. ఖాళీ గిన్నె వాడి ముందుకి తోసి, వాడిది లాక్కున్నాను. వంటింటి నుంచి చెప్పుల చప్పుడు. సర్దుకున్నాను.

ఆవిడ వచ్చి కొలబద్ద గిన్నె చూసింది. "అయ్యో, ఎంత ఆకలితో ఉన్నావు నాన్నా," అని గిన్నె నిండా మళ్ళీ పోసింది. నా వైపు చూసి, "నువ్వు నెమ్మదిగా తాగుతున్నావే. నచ్చలేదా?" అంది.

నచ్చిందని నిరూపించుకోడానికి అదీ తాగాను. ఆవిడ వెనక్కి తిరగ్గానే వాడి ముందున్న మూడోదీ తాగాను. ఉపాయంలోని లోపం అప్పుడు తెలిసింది. ఆ ఇంట్లో ఖాళీ గిన్నె అంటే తిన్నాడని కాదు, ఇంకా కావాలని.

మాంసం, బంగాళదుంపలు వచ్చాయి. నా ప్లేటు సగంలో ఉండగా వాడిది నా ఒళ్ళోకి వచ్చింది. బెల్టు ఒక రంధ్రం వదులు చేశాను. కొలబద్ద ముఖంలో రంగు లేదు. ఆపరేషన్ మొదలై ఉండే వేళ. గోడ గడియారం చూస్తాడు, జేబు తడుముకుంటాడు, మళ్ళీ గడియారం.

అప్పుడు గమనించాను, డ్రైవరు బాబాయ్ నన్నే చూస్తున్నాడు. ఎన్నేళ్ళు అద్దంలో టికెట్ లేనివాళ్ళని పట్టుకున్నాడో ఏమో. ఆయన ప్లేటులో ఉప్పులేని ఉడికిన కూరగాయలు మాత్రమే ఉన్నాయి, డాక్టరు మాట. తన ఫోర్కు బల్ల మూల మీదుగా నా ఒళ్ళో ప్లేటు దాకా చాచి, ఒక మాంసం ముక్క గుచ్చుకున్నాడు.

"బాబాయ్," అన్నాను మెల్లగా.

"నాకేమీ కనబడలేదబ్బాయ్. ఇంకోటి ఇటు తొయ్యి."

ఆ క్షణానికి నాకు ఆయన దేవదూతలా కనిపించాడు. ఆ తర్వాత పని సాఫీగా సాగింది. కొలబద్ద ప్లేటు నాకు, నా ఒళ్ళోంచి బాబాయ్‌కి. ఆవిడ వస్తుందంటే చెప్పులు చెబుతాయి. కేకు కూడా ఆ దారిన వెళ్ళింది. రెండో కేకు ముక్క బాబాయ్ చేతికి అందిస్తుండగా తలెత్తి చూస్తే, టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు. వంటింట్లో సూప్ ఒలికి తడిస్తే విడిచి వచ్చిందట.

"ఏమయ్యా," అంది భర్తతో. "డాక్టరు ఏం చెప్పాడు నీకు?"

"ఇది నాది కాదు."

"అదే అంటున్నా. పసిపిల్లల నోటి దగ్గరది లాక్కుంటావా? ఆ అబ్బాయి మొహం చూడు, ఎలా పాలిపోయిందో."

బాబాయ్ నన్ను చూశాడు, భార్యని చూశాడు. ఎవరివైపు ఉంటే ఎక్కువకాలం బతుకుతాడో తేల్చుకున్నాడు.

"నేను లాక్కోలేదు. ఆ పాలిపోయినవాడు వచ్చినప్పట్నుంచి ఒక్క ముద్ద తినలేదు. వాడి సూప్, వాడి మాంసం, అన్నీ వీడే మింగాడు. నేను సాయం పట్టాను అంతే."

ఆవిడ చేతిలో గరిటె ఉంది. నా కళ్ళు దాని మీదే ఉన్నాయి. కానీ ఆవిడ గరిటె ఎత్తలేదు. కుర్చీ వెనక చెయ్యి ఆనించింది.

"నా వంట అంత బాగోలేదా నాన్నా?" అంది కొలబద్దతో.

నోరు తెరవకు అని వాడికి సైగ చేశాను. వాడు లేచి నిలబడ్డాడు.

"మా అమ్మకి ఇప్పుడు ఆపరేషన్ జరుగుతోందమ్మా. గుండెకి. అయిపోయిందని తెలిసేదాకా తినలేను."

అంతే. దేవుడి పేరు లేదు, మతం లేదు. షరతు ఎక్కడా దాటలేదు. నిన్న సాయంత్రం నుంచి నేను ఆలోచించలేకపోయిన మాట అది.

ఆవిడ బల్ల మీది గిన్నెలన్నీ ఒక్కొక్కటే లోపలికి తీసుకెళ్ళి మూతలు పెట్టింది. భర్త చేతిలోని కేకు కూడా తీసుకుంది.

"ఆవిడ మా అమ్మ కాదు కదే," అన్నాడు బాబాయ్.

"నోరు మూసుకుని కూర్చో. నేనూ తినలేదు పొద్దుట్నుంచి. ఎవరూ తినరు ఇక."

నలుగురం ఖాళీ బల్ల చుట్టూ కూర్చున్నాం. కిటికీలో వెలుగు బల్ల మీంచి గోడ మీదికి జరిగింది. ఫోన్ బల్ల మధ్యలో పెట్టాడు కొలబద్ద. ఒకసారి మోగింది. ఏదో కంపెనీ వాళ్ళ ప్రకటన. వాడు దాన్ని మళ్ళీ బల్ల మధ్యలోనే పెట్టాడు.

"మీరు ప్రార్థనలు చేస్తారు కదూ ఇలాంటప్పుడు?" అంది టైలరమ్మ ఉన్నట్టుండి.

"షరతు ఉంది కదమ్మా," అన్నాను.

"షరతు నాది. నా ఇష్టం. వీడికి గొంతు పెగలదు. నాకు రాదు. మా ఆయనకి నమ్మకం లేదు. నువ్వు చెయ్యి. తిన్న ఓపిక ఉంది నీకే."

నాకు వచ్చిన ప్రార్థనలన్నీ పెద్దవి. ఇంటింటికీ తిరిగి అప్పజెప్పి అరగదీసినవి. తల వంచితే ఒక్కటీ రాలేదు. కడుపు బల్లకి ఆనుకుని ఉంది. ఆ కడుపుతో దేవుణ్ణి ఏమని అడగను?

"దేవా, వాళ్ళమ్మని బతికించు," అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు. "వీడు నా అన్నలాంటివాడు," అన్నాను. అంతవరకూ వాడితో ఆ మాట నేను అనలేదు. నాకూ తెలియదు.

కళ్ళు తెరిస్తే బాబాయ్ కూడా తల వంచి ఉన్నాడు. భార్య చూస్తోందని గమనించి, మెడ పట్టేసిందన్నట్టు రుద్దుకున్నాడు.

ఫోన్ మోగేసరికి దీపాలు వేసే వేళయింది. కొలబద్ద విన్నాడు. "సరే నాన్నా," అన్నాడు. మళ్ళీ, "సరే నాన్నా," అన్నాడు. ఫోన్ పెట్టి ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. టైలరమ్మ ముఖం రంగు మారింది.

"బాగానే ఉంది," అన్నాడు చేతుల వెనక నుంచి. "కళ్ళు తెరిచిందట. నేను తిన్నానా అని అడిగిందట."

టైలరమ్మ లేచింది. వంటింట్లో పొయ్యి వెలిగిన శబ్దం వినిపించింది. సూప్, మాంసం, దుంపలు, అన్నీ వేడి చేసి తెచ్చింది. కొలబద్దకి నిండా వడ్డించింది. వాడు వంచిన తల ఎత్తకుండా తింటున్నాడు. బాబాయ్‌కి కూరగాయలు వడ్డించి, పక్కన చిన్న కేకు ముక్క పెట్టింది. ఆయన ఆ ముక్కని చూసి ఏమీ అనలేదు, అంటే పోతుందని. తనూ వడ్డించుకుంది.

నేను నెమ్మదిగా కుర్చీ వెనక్కి జరిపాను.

"ఎక్కడికి?" అంది.

"నాది మధ్యాహ్నమే అయింది కదమ్మా."

"మధ్యాహ్నం తిన్నది ఆ అబ్బాయి భోజనం. నీ భోజనం ఇది." నా ముందు ప్లేటు పెట్టి నిండా వడ్డించింది. కుర్చీ లాక్కుని సరిగ్గా నా ఎదురుగా కూర్చుని, గడ్డం కింద చెయ్యి ఆనించుకుంది. "తిను. చూస్తాను."

కొలబద్ద వైపు చూశాను, కాపాడతాడేమోనని. నెలల కాపురంలో వాడు నవ్వడం మొదటిసారి అప్పుడే చూశాను.

తిన్నాను.