పెద్ద లీగులో రాళ్ళగుట్ట మేకలు

స్పెయిన్ దేశపు ఒక పెద్ద అడవిలో రాళ్ళగుట్ట అని ఒక గుట్ట, దాని మీద మేకల ఫుట్‌బాల్ క్లబ్బూ ఉండేవి. మైదానం అని పేరే గానీ అంతా రాళ్ళే. పడ్డ బంతి ఎటు ఎగురుతుందో దేవుడికే తెలియాలి. ఆడడానికి వచ్చిన జట్లన్నీ కుంటుకుంటూ ఇంటికి పోయేవి. మేకలు మాత్రం ఆ రాళ్ళ మీదే పుట్టి పెరిగాయి కనక గెంతుకుంటూ గోల్స్ కొట్టేవి. అలా గెలిచి గెలిచి, ఒక ఏడు చిన్న లీగు నుంచి పెద్ద లీగుకి ఎక్కేశాయి.

ఇంక చూడండి సంబరం! మేకలన్నీ కలిసి కోచ్ గాడిదని వీపుల మీద ఎక్కించుకుని ఊరేగించాయి. పాపం, గాడిద మోయడం మాని మోయించుకోవడం జన్మలో అదే మొదటిసారి. క్లబ్బులో చేరకముందు దాని బతుకంతా ఆలివ్ మూటల కిందే గడిచింది. జట్టు పెద్ద లీగులో నిలిస్తే కోచ్ పదవి ఉంటుంది, లేకపోతే మళ్ళీ మూటలే. ఆ సంగతి గాడిదకి నిద్రలో కూడా గుర్తే.

సంబరం చల్లారకముందే క్లబ్బు అధ్యక్షుడు అడవిపంది కమిటీని పిలిచింది.

"పెద్ద లీగులో ఈ రాళ్ళేమిటండీ? పెద్దపెద్ద జట్లు వచ్చి చూస్తే పరువు దక్కుతుందా?"

సలహా చెప్పడానికి ఒక కొంగని పెట్టుకున్నారు. ఏటా నాలుగు దేశాలు తిరిగొస్తుంది కాబట్టి దానికి అన్నీ తెలుసని అందరి నమ్మకం. కొంగ ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకుంది.

"ఉత్తరాది దేశాల్లో మైదానాలన్నీ పచ్చగా ఉంటాయి. మీరూ పచ్చిక పరవండి. ఇంకో మాట. గొప్ప ఆటగాళ్ళు ఆటకి ముందు రెండు పూటలు ఏమీ తినరు. నేను పైనుంచి చూశాను."

గాడిద లేచింది. నోరు మూసుకుని ఉండలేకపోవడం దాని రోగం.

"అయ్యా, వీళ్ళు మేకలండీ! కడుపు మాడ్చి పచ్చగడ్డి మీదికి తోలితే ఆడతారా, మేస్తారా?"

"మాస్టారూ, తమరింకా చిన్న లీగులోనే ఉన్నారు," అంది పంది. కమిటీ అంతా ఘొల్లుమంది.

జట్టు నాయకురాలు మేకక్కకి కూడా ఒళ్ళు మండింది. "మమ్మల్ని అంత తిండిపోతులనుకున్నావా? ఆటలో దిగితే నాకు ఆకలే గుర్తుండదు."

"నీకు గుర్తుండదు సరే, ఆకలికి నువ్వు గుర్తుంటావక్కా," అంది గాడిద. ఆ మాటకి మేకక్క మూతి తిప్పుకుంది.

మొదటి ఆట ఆబోతులతో. చుట్టలు చుట్టి తెచ్చిన పచ్చికని రాళ్ళ మీద చాపల్లా పరిపించింది పంది. ఆబోతులు పొద్దున్నే సుష్టుగా మేసి త్రేన్చుకుంటూ వచ్చాయి. మేకలు కొంగ మాట ప్రకారం ఖాళీ కడుపుతో దిగాయి. రిఫరీ కుందేలు ఈల వేసింది. బంతి మేకక్క దగ్గరికి వచ్చింది. మేకక్క తల వంచింది. వంచిన తల మళ్ళీ ఎత్తితే ఒట్టు.

"అక్కా, బంతి! బంతి!" గాడిద గొంతు చించుకుంది.

"ఒక్క ముద్ద మాస్టారూ, ఒక్కటే ముద్ద!"

ఇంకేముంది, జట్టు జట్టంతా మేతలో పడింది. చూడ్డానికొచ్చిన మేకలు కూడా "మన క్లబ్బేగా" అనుకుంటూ లోపలికి దూకాయి. నిజం చెప్పాలంటే గాడిద కూడా గీత పక్కన రెండు ముద్దలు లాగించింది. ఆబోతులు తీరిగ్గా ఐదు గోల్స్ కొట్టాయి.

పంది గుండెలు బాదుకుంటూ కుందేలు దగ్గరికి పరిగెత్తింది. "ఆపించండి బాబూ, నా పచ్చిక పోతోంది!"

కుందేలు చెవి గోక్కుంది. "బంతిని చేత్తో పట్టకూడదని ఉంది గానీ, మైదానాన్ని తినకూడదని ఎక్కడా లేదే!"

విరామం అయ్యేసరికి మైదానంలో ఒక్క గడ్డిపోచ లేదు. పాత రాళ్ళన్నీ బయటపడ్డాయి.

"అమ్మయ్య! మన గుట్ట మనకొచ్చింది," అంది గాడిద. "కడుపులు నిండాయిగా? ఇంక ఆడండే తల్లుల్లారా!"

ఆబోతులు అడుగేస్తే జారడం, లేస్తే పడడం. మేకలు గెంతుతూ ఆరు గోల్స్ కొట్టి ఆట గెలిచేశాయి. గాడిద ఆనందం పట్టలేక ఓండ్ర పెడితే అడవి అడవంతా దద్దరిల్లింది.

మర్నాడు కమిటీ కూర్చుంది. పంది మొహం మాడిపోయి ఉంది.

"గెలుపుదేముందండీ, ఇవాళ కాకపోతే రేపొస్తుంది. పోయిన గడ్డి వస్తుందా?"

"మొదటి సగమంతా నా పథకం ప్రకారమే నడిచింది," అంది కొంగ. "రెండో సగంలోనే అదుపు తప్పింది."

పంది మేకల వైపు తిరిగింది. "కోచ్‌గా కొంగగారిని ఒప్పుకుంటే ప్రతి ఆటకీ కొత్త పచ్చిక. ఈసారి ఎంత మేసినా తరగనంత ఒత్తుగా! ఏమంటారు?"

ముందుకాళ్ళన్నీ ఒక్కసారి లేచాయి. అన్నిటికంటే ముందు లేచింది మేకక్కది. గాడిద కళ్ళలోకి చూడలేక అది తల దించుకుంది.

"ఏమనుకోకు మాస్టారూ. ఆ గడ్డి రుచి అలాంటిది."

గాడిదకి ఏడుపొచ్చింది. కొత్త పచ్చిక చుట్టలు మోసే పని మాత్రం దానికే ఇచ్చారు.

ఆ తర్వాత మేకలు ఎంత మేసినా రాయి తేలలేదు. మేకలు బాగా ఒళ్ళు చేశాయి, ఆటలన్నీ ఓడాయి. సీజన్ చివరికి అందరికంటే అడుగున మిగిలి మళ్ళీ చిన్న లీగులో పడ్డాయి. ఎండలు ముదరగానే కొంగ ఇంకో క్లబ్బుకి సలహా చెప్పడానికి ఎగిరిపోయింది.

పంది విచారణ పెట్టి గాడిదని పిలిపించింది. గాడిద వీపు మీద చుట్టతోనే వచ్చి నిలబడింది.

"పచ్చిక పరిస్తే మేకలు మేస్తాయని నీకు ముందే తెలుసా, తెలీదా?"

"తెలుసండీ. ఇదే కమిటీలో చెప్పాను కూడా."

"విన్నారా!" పంది బల్ల గుద్దింది. "తెలిసి తెలిసి జట్టుని ముంచాడు!"

నీతి: ముందే తెలిసినవాడు ముద్దాయి, ఏమీ తెలియనివాళ్ళు కమిటీ.