గాబ్లిన్ మామ దరఖాస్తు

"అడవి బిడ్డల నాయకత్వానికి ఇక అడ్డు లేదు. పాచికలేసి పైకి తెస్తాం."

అటవీ యువ వికాస కార్యాలయం అధికారి ప్రకాష్ గారు గిద్దలూరులో ఈ ప్రకటన చేయగానే విలేకరులు ముగ్గురూ చప్పట్లు కొట్టారు. నాలుగో చప్పుడు ఫ్యానుది.

పథకం పేరు 'రోల్ ప్లేతో రూల్ ప్లే'. అర్థమేమిటని అడిగే ధైర్యం ఎవరికీ చాలలేదు. గొప్ప పేర్ల గొప్పతనమే అది.

ఆట విదేశాలది. బల్ల మీద ఒక ఊహాలోకపు మ్యాపు పరుస్తారు. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు వీరులవుతారు. ఇరవై ముఖాల పాచిక వేసి, ఎంత పడితే అంత పరాక్రమం చూపిస్తారు. వీరులు ఓడలో వచ్చి అడవిని 'కనిపెట్టాలి', జెండా పాతాలి, ముందునుంచీ అక్కడే కాపురముంటున్న గాబ్లిన్లనే ఆకుపచ్చ మనుషులను తరిమేయాలి. ఒక్కో గాబ్లిన్ ఇంటికి పది నాగరికత మార్కులు. అవి వేయడానికి ప్రకాష్ గారు ప్రత్యేకంగా మార్కాపురం పలక తెప్పించారు. మార్కులకు మార్కాపురం కాక మరెక్కడ?

వీరులుగా ఆరుగురు చెంచులను పిలిపించారు. ఆరుగురూ పట్టాల మీటింగనుకునే వచ్చారు. ముందు కూర్చున్న మల్లీశ్వరి అయితే నల్లమల అంచున తాను దున్నుకుంటున్న రెండెకరాల పట్టా కోసం తొమ్మిదేళ్లుగా పట్టు వదలకుండా ఈ ఆఫీసుకే తిరుగుతోంది. పట్టా లేకపోతే ఈ వానాకాలానికి చేను ఖాళీ చేయాలని మొన్న నోటీసు కూడా అందింది.

"పట్టా సంగతి తర్వాతమ్మా," అన్నారు ప్రకాష్ గారు. "ఇప్పుడు నువ్వు వీరనారివి. ఓడ దిగావు. ఎదురుగా గాబ్లిన్. ఏం చేస్తావు?"

"ఎవురోళ్లు సార్ ఆ గాబ్లిన్? ఇంటిపేరేంది?"

"దానికి ఇంటిపేరుండదు. పాచిక వేసి కొట్టడమే."

"వరస తెలీకుండా ఎట్ల కొడతాం సార్? మామ అయితాడేమో."

పక్కనున్న పెద్దాయన చెంచయ్య తల ఊపాడు. "అడవిలో ఉండాడంటే మనకు ఏదో ఒక వరస అయితాడులే. మామే అనుకో."

గాబ్లిన్ మామయ్యాడు. మామను తరిమితే మార్కులొస్తాయి గానీ మర్యాద పోతుంది. మల్లీశ్వరి పాచిక పక్కనబెట్టి పలకరింపుల్లోకి దిగింది. నియమం ప్రకారం గాబ్లిన్ తరఫున జవాబు చెప్పాల్సింది కథ నడిపే ప్రకాష్ గారే.

"ఏం మామా, ఈడ ఎన్నాళ్ల నుంచి ఉండావు?"

ఆయన ఆట పుస్తకం తిరగేశారు. "మూడు వందల ఏళ్లు."

"కాగితముందా?"

"గాబ్లిన్లకు కాగితమేమిటి?"

"కాగితం లేకుండా ఉండావని ఎట్ల నమ్మాల? అర్జీ పెట్టుకో."

ప్రకాష్ గారు ఏ పనిలో దిగినా లీనమయ్యే మనిషి, పని ఆఫీసుది కాకపోతే. గొంతు బొంగురు చేసుకుని అర్జీ పెట్టుకున్నారు.

"మ్యాపేది మామా?"

"గీసిస్తాను."

"నువ్వు గీస్తే చెల్లదు. సర్వేయర్ గీయాల. సర్వేయర్ సెలవులో ఉండాడు. గురువారం రా." ఆమె వేళ్ల మీద రోజులు లెక్కబెట్టి, "గురువారమైంది," అంది.

"వచ్చాను."

"సార్ క్యాంపుకు పోయినాడు. కంభంలో ఉండాడు."

"కంభం వచ్చాను."

"అయ్యో, ఇప్పుడే గిద్దలూరు పోయినాడే."

వీరులు ఐదుగురూ నోటికి తువ్వాళ్లు అడ్డం పెట్టుకున్నారు. మల్లీశ్వరి మాత్రం నవ్వలేదు. ఆమె మాటల్లో ఎక్కడా సందు లేదని ప్రకాష్ గారి అనుభవం ఆయనకు చెబుతూనే ఉంది. ఎక్కడో విన్నట్టూ ఉంది. ఎక్కడో గుర్తు రాలేదు. లోపల మాత్రం గాబ్లిన్ గుండె మండిపోతోంది.

"మూడు వందల ఏళ్లమ్మా. మా తాత పుట్టిందీ, పోయిందీ ఇక్కడే. ఇప్పుడు సాక్ష్యం ఎక్కడి నుంచి తేను?" అన్నారు.

"నా చేతుల్లో ఏముంది మామా? పైనుంచి రావాల."

ఆట అంతటితో ఆగింది. ప్రకాష్ గారు కళ్లు తుడుచుకుని సరాసరి తన గదిలోకి వెళ్లారు. తరతరాలుగా అడవినే నమ్ముకున్న ఒక వృద్ధుడికి జరుగుతున్న అన్యాయం మీద పదకొండు పేజీలు ఇంగ్లీషులో రాసి, ఆటలోని రంగుల మ్యాపు జతచేసి, పై ఆఫీసుకు పంపారు. అంత చక్కటి మ్యాపున్న ఫైలును వాళ్లు ఏనాడూ చూసి ఎరగరు. తొమ్మిదో రోజుకల్లా పట్టా వచ్చింది. పట్టాదారు: గాబ్లిన్. తండ్రి పేరు: అందవలసి ఉంది. విస్తీర్ణం: రెండెకరాలు.

పంపిణీ సభలో మల్లీశ్వరిని వేదిక మీదికి పిలిచి, వరసకు కోడలు గనక మామ తరఫున అందుకోమన్నారు. విలేకరులు ముగ్గురూ ఫొటోలు తీసుకున్నారు. ఆమె పట్టాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మరి నాది సార్?"

ప్రకాష్ గారు ఆప్యాయంగా నవ్వారు.

"నీది నిజమైన చేను కదమ్మా. దానికి విచారణ ఉంటుంది."