బూట్లకంటిన పరువు

మానవజాతి నాలుగు కాళ్ల మీంచి రెండు కాళ్ల మీదికి లేచి నిలబడింది నడవడానికే గాని బస్సెక్కడానికి కాదు! ఈ మాట అన్నది ఏ శాస్త్రవేత్తో కాదు, మా తోడల్లుడు. అన్నది కూడా ఏ సభలోనో కాదు, వాళ్లింటి సోఫాలో కాళ్లు బారజాపుకుని. పోయినేడు భార్యాభర్తలిద్దరూ పరాయి దేశం వెళ్లి, అక్కడి కొండల మీద నెల పట్టే కాలిబాటను చివరికంటా నడిచి వచ్చారు. అప్పట్నించీ ఆయన కూర్చున్నా నడుస్తున్నట్టే ఉంటుంది.

తోడల్లుడు ఒక పెద్ద ఆఫీసులో స్టోర్స్ కీపరు. లోకంలో ప్రతి వస్తువు మీదా ఒక ఆజ్ఞ రాసి ఉండాలన్నది ఆయన మతం. వాళ్లింట్లో ఉప్పు డబ్బా మీద, సబ్బుపెట్టె మీద, చివరికి చెత్తబుట్ట మీద కూడా ఎర్ర రంగుతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంటుంది: "వాడిన పిమ్మట మూత పెట్టవలెను." ఆ ఇంట్లో ఈ ఆజ్ఞ వర్తించనిది ఆయన నోటికొక్కదానికే.

వాళ్లు నడిచిన ఆ బాటలో ఒక కట్టుబాటు ఉందట. సాయంత్రం బస చేరేసరికి ఆ బస నడిపే ఇంటావిడ గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ల బూట్లు చూస్తుంది. బురదుంటే లోపలికి రమ్మని వేడివేడిగా భోజనం పెడుతుంది. బూట్లు మెరుస్తుంటే, టూరిస్టుల హోటలు అవతల ఉందని చెప్పి తలుపేస్తుంది. అక్కడ మన మాట నమ్మరు తమ్ముడూ, మన బూట్లని నమ్ముతారు అని చెబుతూ తోడల్లుడు తన బూట్లని అద్దాల బీరువాలో పెట్టుకున్నాడు. బురదతో సహా.

ఇదంతా మేం భరించాం. కాని ఒకరోజు మా ఆవిడ వాళ్ల మేడమెట్లెక్కి, మోకాలు పట్టుకుని అమ్మయ్య అంది. వెంటనే వదినగారు పదిమందిలో, "అన్ని కొండలెక్కినా నాకసలు మోకాళ్లున్నట్టే గుర్తు రాలేదే చెల్లీ" అంది. మా ఆవిడ నవ్వేసి ఊరుకుంది. ఇంటికొచ్చి వంటింట్లో ఏడ్చింది. చిన్నప్పుడంతా అక్క విడిచిన గౌన్లు తొడుక్కుని పెరిగిన మనిషి.

"మనమూ ఆ బాట నడుద్దామండీ," అంది కళ్లు తుడుచుకుని. "నడిచొస్తేనే మళ్లీ అక్క గడప తొక్కుతాను. లేకపోతే ఈ జన్మకి లేదు."

నేను ఫైళ్ల సెక్షన్లో అధికారిని. నా కుర్చీకి చక్రాలున్నాయి గనక బీరువా దాకా కూడా నడవక్కర్లేదు. అలాంటి నేను సెలవు చీటీలో కారణం 'సతీసమేతంగా పాదయాత్ర' అని రాసేసరికి ఆఫీసంతా అట్టుడికిపోయింది. పై అధికారి కాళ్ల యోగ్యతా పత్రం జతపరచమన్నాడు. డాక్టరు నా కాళ్లు అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి ఇంతవరకూ వాడబడలేదు గనక కొత్తవిగా పరిగణించవచ్చని రాసిచ్చాడు. వీడ్కోలు సభలో నాకొక చేతికర్ర బహూకరించారు. నేనూ తక్కువ తినలేదు, మానవజాతి రెండు కాళ్ల సంగతి పొల్లుపోకుండా అప్పజెప్పాను. చప్పట్లే చప్పట్లు.

ఆ దేశం చేరి, మొదటిరోజు నిజంగానే నడిచాం. పొద్దున్న కొండ మహా అందంగా ఉంది. మధ్యాహ్నానికి అందం తగ్గింది. సాయంత్రానికి కొండ మాత్రమే మిగిలింది. నా మడమలు బొబ్బలెక్కాయి, మా ఆవిడ మోకాళ్లు ససేమిరా అన్నాయి. అయినా బురద కాళ్లతో బస చేరి, పెట్టింది తిని పడుకున్నాం. మర్నాడు పొద్దున్న కుంటుకుంటూ బయల్దేరితే బాట పక్కన రోడ్డు, రోడ్డు మీద బస్సు కనిపించాయి. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. బస్సు ఆగింది. ఎక్కామో, ఎక్కించబడ్డామో చెప్పలేను.

ఉన్నమాట చెప్పాలంటే, పెళ్లయిన ఇన్నేళ్లలో మేం అంత సుఖంగా ఎన్నడూ లేము. కిటికీ పక్కన మా ఆవిడ, ఆవిడ పక్కన నేను. కింద లోయలో మూటలు మోసుకుంటూ నడిచిపోతున్నవాళ్లకి ఆవిడ పాపం అని చెయ్యూపింది. తర్వాత నా భుజం మీద తల పెట్టుకుని నిద్రపోయింది.

బస దగ్గర దిగి కిందికి చూసుకున్నాం. మా బూట్లు అద్దాల్లా మెరుస్తున్నాయి! ముందురాత్రి మా ఆవిడ ఇంటి అలవాటు కొద్దీ శుభ్రంగా కడిగి ఆరబెట్టింది. ఎదురుగా ఇంటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. ఇక్కడ తలుపేస్తే అక్క తలుపూ వేసినట్టేనని మా ఆవిడ గొల్లుమంది.

బస్సు డ్రైవరు మా కాళ్ల వంక చూసి, బొటనవేలితో స్టాపు వెనక్కి చూపించాడు.

వెనక నానా దేశాల జనం వరసలో నిలబడి ఉన్నారు. వరస ముందర ఒక రేకు బకెట్టు, దాన్నిండా చక్కగా కలిపిన బురద, ఒక బ్రష్షు. ముందువాడు బూట్లకి పూసుకుని బ్రష్షు వెనకవాడికి మర్యాదగా అందిస్తున్నాడు. ఒకరి మొహం ఒకరు చూడరు. అంత క్రమశిక్షణ నేను మా ఆఫీసులో ఏనాడూ ఎరగను.

మా వంతు వచ్చింది. మా ఆవిడ బ్రష్షు కోసం వంగి, వంగినట్టే ఉండిపోయింది. బకెట్టు మీద ఎర్ర రంగుతో, గుండ్రటి తెలుగు అక్షరాలతో రాసి ఉంది:

"వాడిన పిమ్మట మూత పెట్టవలెను."

ఆవిడ నేల మీద చతికిలబడి కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వింది. నానా దేశాలూ తిరిగి చూశాయి.

"మోకాళ్లు గుర్తెలా వస్తాయండీ," అంది పొట్ట పట్టుకుని, "బస్సు సీట్లో కూర్చుంటే!"

మిగతా నెలంతా హాయిగా బస్సుల్లో గడిపాం. ప్రతి బస దగ్గరా స్టాపు, ప్రతి స్టాపు వెనకా బకెట్టు, ప్రతి బకెట్టు మీదా అదే ఆజ్ఞ. స్టోర్స్ కీపరంటే అలా ఉండాలి.

తిరుగు ప్రయాణం పొడుగునా మా ఆవిడ అక్కని నలుగురిలో ఎలా కడిగెయ్యాలో నాకు వినిపిస్తూనే ఉంది. దిగిన వారానికే తలెత్తుకుని ఆ గడప తొక్కింది. చుట్టాలంతా చేరి ఉన్నారు. తోడల్లుడు టీ కప్పుతో సోఫాలో ఉన్నాడు.

"ఏం తమ్ముడూ, నడక పూర్తయిందా, మధ్యలో బస్సెక్కేశారా?" అన్నాడు. అందరూ నవ్వారు.

మా ఆవిడ నోరు తెరిచింది. తెరిచి ఆగింది. బకెట్టు చూశామంటే, నడిచేవాళ్లకి బస్సు స్టాపు వెనక ఏం పని అని అడుగుతారు కదా! నోరు మూసింది. తర్వాత తియ్యగా నవ్వింది.

"పూర్తయింది బావగారూ. వాడిన పిమ్మట మూత పెట్టే వచ్చాం."

కప్పు గాల్లోనే ఆగిపోయింది. చుట్టాలకి ఏమీ అర్థం కాలేదు. వదినగారు మాత్రం ఎందుకో మోకాలు రుద్దుకుంది.

తోడల్లుడు కప్పు కింద పెట్టి, లేచొచ్చి, నన్ను గట్టిగా కావలించుకున్నాడు. నడకంటే వీళ్లదే నడక, మేం చేసింది ఏపాటి అని అందరికీ వినపడేలా ప్రకటించాడు. వదినగారు తన కుర్చీ ఖాళీ చేసి, "కూర్చోవే చెల్లీ, అలిసిపోయుంటావు" అంది. మా ఆవిడ కూర్చుంది. ఆవిడ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు కొత్తగా పెళ్లయిన మా బావమరిది పెళ్లాం చెయ్యి పట్టుకుని లేచి, వచ్చే ఏడు మేమూ వెళ్తాం, మాక్కూడా నడక నేర్పండి అన్నాడు. మేం నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను గొంతు సవరించుకున్నాను.

"తప్పకుండా వెళ్లండి నాయనా. మానవజాతి రెండు కాళ్ల మీద లేచి నిలబడింది నడవడానికే గాని బస్సెక్కడానికి కాదు!"

తోడల్లుడు గంభీరంగా తల ఊపాడు. మా ఆవిడ మరదలిని పక్కకి పిలిచి, చెవిలో రహస్యంగా చెప్పింది:

"వెళ్లేటప్పుడు మంచి బ్రష్షొకటి పట్టుకెళ్లవే. అక్కడున్నవి అరిగిపోయాయి."